ప్లాంట్ మేనేజర్లకు డీఓఈ నేర్పే కేటపుల్ట్ కిట్: కొనొచ్చా, కొంటే ఎలా వాడాలి?

ప్రొడక్షన్ మేనేజర్లకు, ఆర్ అండ్ డీ హెడ్‌లకు, క్వాలిటీ వాళ్లకు డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ (డీఓఈ, అంటే పలు అంశాలను ఒక పద్ధతిలో కలిపి మార్చి ప్రయోగాలు చేయడం) నేర్పే రెండు రోజుల క్లాసుల్లో తరచూ కనిపించే వస్తువు బల్ల మీద పెట్టే చిన్న కేటపుల్ట్. కింద చెక్క పీట, దాని మీద ఊగే చేయి, చేతికి కట్టిన రబ్బరు బ్యాండు, చివర కప్పు, కప్పులో బంతి. చేతిని వెనక్కి లాగి వదిలితే బంతి రెండు మీటర్ల అవతల పడుతుంది. ట్రైనింగ్ డిపార్ట్‌మెంట్ నుంచి దీనికి ఇండెంట్ వస్తే పర్చేజ్ వాళ్లు "ఇదెందుకు, స్లైడ్లు చాలవా?" అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

ముందే చెప్పేస్తాం: కొనండి. ఒక షరతుతో. సాఫ్ట్‌వేర్‌లో గ్రాఫులు గీయడానికి డేటా పుట్టించే యంత్రంగా దీన్ని వాడితే డబ్బు దండగ. ఈ కిట్ విలువంతా దాని లోపాల్లోనే ఉంది. రబ్బరు అలసిపోతుంది, చేయి వణుకుతుంది, పీట జరుగుతుంది, బంతి పడిన చోటు ఇద్దరికి రెండు రకాలుగా కనిపిస్తుంది. ప్లాంట్‌లో రియాక్టర్, గ్రాన్యులేటర్, మోల్డింగ్ మెషీన్ చేసేదీ ఇదే. మేనేజర్‌కు ఫార్ములాల కంటే ముందు అర్థం కావాల్సింది అదే.

కిట్‌లో మార్చుకోగల అంశాలు (ఫ్యాక్టర్లు) సాధారణంగా ఆరు: చేతిని ఎంత కోణం వెనక్కి లాగుతున్నాం, చేయి ఎక్కడ ఆగాలో నిర్ణయించే స్టాప్ పిన్ ఏ రంధ్రంలో ఉంది, కప్పు చేతి మీద ఎంత ఎత్తున ఉంది, రబ్బరు బ్యాండు నిలువు కొయ్య మీద ఏ రంధ్రానికి తగిలించాం, అదే బ్యాండు చేతి మీద ఏ రంధ్రానికి తగిలించాం, బంతి ఏ రకం. కొలిచేది ఒక్కటే, బంతి మొదట నేల తాకిన దూరం. కోణం అంకెలు ఒక్కో కిట్‌లో ఒక్కోలా రాసి ఉంటాయి. ఈ రివ్యూలో పెద్ద అంకె అంటే ఎక్కువ వెనక్కి లాగినట్టు.

మొదటి గంట: ఏమీ మార్చకుండా

చాలా క్లాసుల్లో ట్రైనర్లు నేరుగా ఫ్యాక్టర్లలోకి దిగిపోతారు. అది తొందరపాటు. మొదట ఒకే సెట్టింగ్‌లో, ఒకే మనిషితో పది షాట్లు వేయించాలి. నేల మీద ముగ్గుపిండి పలుచగా చల్లితే బంతి పడిన గుర్తు స్పష్టంగా వస్తుంది. టైల్స్ మీద పిండి జారుతుంది కాబట్టి నల్ల చార్టు పరిచి దాని మీద చల్లడం మేలు. కొలత టేపును నేలకు ప్లాస్టర్‌తో అంటించాలి, చేత్తో పట్టుకోకూడదు.

పది షాట్లలో గరిష్ఠం, కనిష్ఠం తీసుకుని, వాటి తేడాను 3తో భాగిస్తే స్టాండర్డ్ డీవియేషన్ (షాట్లు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) ఉజ్జాయింపుగా వస్తుంది. తేడా 18 సెంటీమీటర్లయితే డీవియేషన్ 6. ఈ 6 అనే అంకెను బోర్డు మీద పెద్దగా రాసి రెండు రోజులూ చెరపకుండా ఉంచాలి. తర్వాత వచ్చే ప్రతి నిర్ణయం దాంతోనే ముడిపడి ఉంటుంది.

ఇక్కడే మొదటి పాఠం బయటపడుతుంది. పీటను సీ-క్లాంప్‌తో బల్లకు బిగించిన టీమ్‌కు షాట్లు దగ్గర దగ్గరగా పడతాయి. చేత్తో అదిమి పట్టుకున్న టీమ్‌కు బాగా చెదిరిపోతాయి. గుర్తు చదివే మనిషి వంగి నిట్టనిలువుగా చూడకపోతే రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది. అంటే ఫ్యాక్టర్ల జోలికి వెళ్లకముందే చెదురును తగ్గించే పని చాలా ఉంటుంది. ప్లాంట్‌లో డిసల్యూషన్ టెస్ట్ (టాబ్లెట్‌లోని మందు ఎంత కరిగిందో చూసే పరీక్ష) రిజల్ట్ అనలిస్ట్‌ను బట్టి మారుతుంటే, ముందు సరిచేయాల్సింది ల్యాబ్‌నే, ఫార్ములేషన్‌ను కాదు. ఆ మాట స్లైడ్ మీద చూపిస్తే తలలూపుతారు. క్లాంప్ బిగించి చూపిస్తే నమ్ముతారు.

ఈ 6 నుంచే ఇంకో లెక్క వస్తుంది. ఒక్కో ఫ్యాక్టర్‌ను రెండు సెట్టింగ్‌లలో (లెవెల్స్) పరీక్షించే ప్రయోగంలో మొత్తం ఎన్ని రన్‌లు (ఇక్కడ షాట్లు) కావాలి? డీవియేషన్‌ను 8తో గుణించి, మనం పట్టుకోవాలనుకున్న కనీస తేడాతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేయాలి. 12 సెంటీమీటర్ల తేడా పట్టుకోవాలంటే 48ని 12తో భాగిస్తే 4, దాని వర్గం 16. కాబట్టి 16 షాట్లు. ఆ తేడా నిజంగా ఉంటే అది దొరికే అవకాశం అప్పుడు దాదాపు 90 శాతం. 6 సెంటీమీటర్ల తేడా కావాలంటే 64 షాట్లు. పట్టుకోవాల్సిన తేడా సగమైతే ఖర్చు నాలుగింతలు. బడ్జెట్ మీద సంతకం పెట్టే మనిషికి ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు, "మూడు బ్యాచ్‌లు చేసి చూద్దాం" అనే మాట అంత సులువుగా నోటికి రాదు.

ఎనిమిది కలయికలు

మూడు ఫ్యాక్టర్లు తీసుకుందాం. లాగే కోణం 150, 170 డిగ్రీలు. కప్పు కింది రంధ్రం, పై రంధ్రం. బ్యాండు కొయ్య మీద కింది రంధ్రం, పై రంధ్రం. ఎనిమిది కలయికలు, ఒక్కోటి రెండుసార్లు, మొత్తం 16 షాట్లు. నేర్పడానికి అనువుగా ఉండే ఒక డేటా సెట్ ఇది. రెండేసి షాట్ల సగటులు, సెంటీమీటర్లలో:

కోణం 150, కప్పు కింద, బ్యాండు కింద: 120
కోణం 170, కప్పు కింద, బ్యాండు కింద: 160
కోణం 150, కప్పు పైన, బ్యాండు కింద: 150
కోణం 170, కప్పు పైన, బ్యాండు కింద: 230
కోణం 150, కప్పు కింద, బ్యాండు పైన: 142
కోణం 170, కప్పు కింద, బ్యాండు పైన: 186
కోణం 150, కప్పు పైన, బ్యాండు పైన: 176
కోణం 170, కప్పు పైన, బ్యాండు పైన: 252

దీన్ని చేత్తోనే లెక్క కట్టించాలి. 170 డిగ్రీల నాలుగింటి సగటు 207, 150 డిగ్రీలది 147. కోణం ప్రభావం 60. అలాగే కప్పు ప్రభావం 50, బ్యాండుది 24. ఇంతవరకూ అందరికీ ఇష్టంగానే సాగుతుంది. అసలు సంగతి కప్పు కింద ఉన్నప్పుడు, పైన ఉన్నప్పుడు కోణం ప్రభావాన్ని విడిగా తీసినప్పుడు తెలుస్తుంది. కప్పు కింద ఉంటే కోణం మార్చడం వల్ల 42 సెంటీమీటర్లే పెరిగింది, పైన ఉంటే 78. ఈ తేడాలో సగం, అంటే 18, కోణానికీ కప్పుకూ మధ్య ఇంటరాక్షన్, అంటే ఒకదాని ప్రభావం రెండోదాని సెట్టింగ్‌ను బట్టి మారడం.

16 షాట్ల మీద ఏ ప్రభావానికైనా స్టాండర్డ్ ఎర్రర్ (చెదురు వల్ల ఆ అంకెలో ఉండే అనిశ్చితి) ఎంతో చూడాలి: డీవియేషన్‌కు రెట్టింపు, అంటే 12, దాన్ని 16 వర్గమూలమైన 4తో భాగిస్తే 3. ఇంటరాక్షన్ 18 అంటే ఆ ఎర్రర్‌కు ఆరు రెట్లు, కాబట్టి అది నిజమైనదే. మూడు ఫ్యాక్టర్ల ఉమ్మడి ఇంటరాక్షన్ లెక్క కడితే మైనస్ 2 వస్తుంది. అది చెదురులో మునిగిపోయే అంకె, దాని మీద మీటింగ్ పెట్టక్కర్లేదు.

ఇప్పుడు అదే పట్టికను పాత పద్ధతిలో చదివించాలి. ఒకసారికి ఒక్క ఫ్యాక్టర్ మార్చే మనిషి 120 దగ్గర మొదలుపెడతాడు. కోణం మారిస్తే 40 పెరిగింది, కప్పు మారిస్తే 30, బ్యాండు మారిస్తే 22. మూడూ కలిపి మారిస్తే 212 వస్తుందని రాసిపెడతాడు. నిజంగా వచ్చింది 252. ఆ 40 సెంటీమీటర్ల లోటు కిట్ ముందు నిలబడి కళ్లతో చూడటమే ఈ క్లాసుకు ప్రాణం. పైగా పాత పద్ధతిలో ఇదే నమ్మకంతో మూడు ప్రభావాలు తెలుసుకోవాలంటే మొదటి సెట్టింగ్‌లో 8, తర్వాతి మూడు సెట్టింగ్‌లలో ఎనిమిదేసి, మొత్తం 32 షాట్లు వేయాలి. సగం ఖర్చుతో ఎక్కువ తెలిసిందన్నమాట. అన్ని కలయికలూ వేసే ఈ ఫ్యాక్టోరియల్ డిజైన్‌లో ప్రతి షాట్ మూడు ఫ్యాక్టర్లకూ పని చేస్తుంది కాబట్టి ఇది సాధ్యమైంది.

హైదరాబాద్ చుట్టుపక్కల, పరవాడ ఫార్మా సిటీలో పనిచేసే వాళ్లకు ఈ ఇంటరాక్షన్ గొడవ కొత్తేమీ కాదు. మందుల అభివృద్ధికి సంబంధించిన అంతర్జాతీయ ఐసీహెచ్ క్యూ8 గైడ్‌లైన్‌లో డిజైన్ స్పేస్ (నాణ్యత దెబ్బతినకుండా సెట్టింగ్‌లు మార్చుకోగల పరిధి) నిర్వచనంలోనే ఇన్‌పుట్‌ల కలయిక, వాటి ఇంటరాక్షన్ అన్న మాటలున్నాయి. గ్రాన్యులేషన్‌లో (మందు పొడిని చిన్న గుళికలుగా చేసే దశ) బైండర్ ద్రవం ఎక్కువైనప్పుడు ఇంపెల్లర్ (కలిపే రెక్క) వేగం ప్రభావం, ద్రవం తక్కువైనప్పుడు ఉన్నట్టు ఉండదు. ఒక్కోదానికి విడివిడిగా రేంజ్ నిరూపించి ఫైల్ చేస్తే రెండూ పై అంచుకు వెళ్లిన రోజు టాబ్లెట్ గట్టిపడి డిసల్యూషన్ ఫెయిలవుతుంది.

రబ్బరు అలసట, అందులోని పాఠం

రన్‌ల వరుసను చీటీలు తీసి నిర్ణయించాలంటే క్లాసులో అభ్యంతరం తప్పకుండా వస్తుంది. "ప్రతి షాట్‌కూ పిన్నులు మార్చడమెందుకు, బ్యాండు కింద ఉండగానే ఎనిమిదీ కొట్టేసి తర్వాత పైకి మారుద్దాం" అంటారు. వాళ్లను ఆపకూడదు. ఒక టీమ్‌ను అలాగే చేయనిచ్చి, ఇంకో టీమ్‌తో చీటీల వరుసలో చేయించాలి.

కొత్త రబ్బరు బ్యాండు మొదటి కొన్ని లాగుళ్లలో మెత్తబడుతుంది, తర్వాత కూడా నెమ్మదిగా బలం తగ్గుతూ పోతుంది. మొదటి షాట్‌కూ పదహారో షాట్‌కూ మధ్య 12 సెంటీమీటర్లు తగ్గిందనుకుందాం. బ్యాండు కింద ఉన్న ఎనిమిది షాట్లూ ముందు, పైన ఉన్నవి వెనక కొట్టిన టీమ్‌కు ఆ తగ్గుదలలో దాదాపు 6 సెంటీమీటర్లు వెళ్లి బ్యాండు ప్రభావంలో కలిసిపోతాయి. 24 రావాల్సిన చోట 18 వస్తుంది. డేటా చూసి ఎవరూ కనిపెట్టలేరు, ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. చీటీల వరుసలో చేసిన టీమ్‌కు అదే తగ్గుదల అన్ని కలయికల మీదా చెల్లాచెదురై చెదురును కొంచెం పెంచుతుందే తప్ప, ఒక ఫ్యాక్టర్‌కు దొంగ లెక్క రాయదు. గణాంక శాస్త్రవేత్త ఆర్.ఎ. ఫిషర్ 1920లలో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం పొలాల్లో రాండమైజేషన్ (ఇలా చీటీలు తీసినట్టు నిర్ణయించడం) మీద అంత పట్టుబట్టింది ఇందుకే. మడి మడికీ సారం మారుతుంది, ఎలా మారుతుందో ముందే తెలియదు. ప్లాంట్‌లో కెటలిస్ట్ బలం తగ్గడం, ఫిల్టర్ పూడిపోవడం, మధ్యాహ్నం ఎండకు షెడ్డు వేడెక్కడం అన్నీ ఈ కోవలోవే.

బ్యాండును ముందే 20 సార్లు లాగి వదిలి మెత్తబరిచి, ఆ తర్వాతే డేటా మొదలుపెట్టడం మంచి అలవాటు. కానీ మొదటి రోజు అలా చేయొద్దు. ఆ తగ్గుదలను కనబడనివ్వాలి. రెండో రోజు మెత్తబరిచిన బ్యాండు ఇచ్చి తేడా చూపించాలి.

ఇంకో పొరపాటు దీనికంటే లోతైనది. రెండో షాట్ అంటే పిన్నులు కదపకుండా వెంటనే ఇంకో బంతి వేయడం కాదు. పిన్నులన్నీ తీసి, మళ్లీ పెట్టి, కోణం మళ్లీ చూసుకుని, వరుసలో ఆ చీటీ వచ్చినప్పుడే వేయాలి. కదపకుండా వేసిన రెండు బంతులు దాదాపు ఒకేచోట పడతాయి, చెదురు చిన్నదిగా కనిపిస్తుంది, లేని ప్రభావాలు కూడా గొప్పగా కనిపిస్తాయి. ఒకే బ్యాచ్ నుంచి ఆరు టాబ్లెట్లు తీసి కొలిచి "ఆరు రెప్లికేట్లు" (విడివిడిగా మళ్లీ చేసిన ప్రయోగాలు) అని రిపోర్ట్‌లో రాయడం సరిగ్గా ఇదే తప్పు. బ్యాచ్ ఒక్కటే, కొలత ఆరుసార్లు జరిగింది, అంతే. మేనేజర్ ఏ డీఓఈ రిపోర్ట్ చేతికొచ్చినా అడగాల్సిన మొదటి ప్రశ్న: రెండు రెప్లికేట్ల మధ్య సెట్టింగ్ విప్పి మళ్లీ పెట్టారా?

సెంటర్ పాయింట్లు, నిర్ధారణ షాట్లు

16 షాట్లతో పాటు నాలుగు షాట్లు అన్నిటికీ మధ్య సెట్టింగ్‌లో వేయాలి, మొదట్లో ఒకటి, చివర ఒకటి, మధ్యలో రెండు. ఇందుకోసం కొనేటప్పుడే రంధ్రాలు బేసి సంఖ్యలో, సమాన దూరంలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. నాలుగే రంధ్రాలున్న కిట్‌లో చివరి రంధ్రాలను లెవెల్స్‌గా తీసుకుంటే నడిమి రంధ్రమే ఉండదు.

ఈ నాలుగు షాట్లు 192, 188, 184, 180 వచ్చాయనుకుందాం. రెండు సంగతులు తెలుస్తున్నాయి. వరసగా దిగుతున్నాయి, అంటే రబ్బరు మీద అనుమానం పెట్టుకోవాలి. ఒక్కో షాట్‌కు 6 చెదురున్నప్పుడు నాలుగు అంకెలే రుజువు కావు కానీ, అనుమానానికి చాలు. రెండోది, వీటి సగటు 186, ఎనిమిది కలయికల సగటు 177. తేడా 9, దాని ఎర్రర్ సుమారు 3.4. అంటే సంబంధం సరళరేఖ కాదు, మధ్యలో ఉబ్బు ఉంది. ఆ ఉబ్బు కోణం వల్లా, కప్పు వల్లా, బ్యాండు వల్లా అన్నది ఈ నాలుగు షాట్లు చెప్పవు. చెప్పాలంటే మరిన్ని రన్‌లు కావాలి. ఉన్నదని తెలియడమే ఇప్పటికి లాభం.

ఆఖరి పరీక్ష: బంతిని సరిగ్గా 200 సెంటీమీటర్ల దగ్గర పడేయమని ట్రైనర్ అడగాలి. కప్పు పైన, బ్యాండు కింద పెట్టి లెక్క కడితే, 160 డిగ్రీల దగ్గర 190 వస్తుంది, అక్కడి నుంచి పది డిగ్రీలకు 39 చొప్పున పెరుగుతుంది. కాబట్టి 162.5 డిగ్రీలు. ఈ సెట్టింగ్‌లో ఐదు షాట్లు వేసి సగటు చూడాలి. 207 వస్తే టీమ్ సభ్యులు డీలా పడతారు. పడక్కర్లేదు, మధ్యలో ఉబ్బు ఉందని సెంటర్ పాయింట్లు ముందే హెచ్చరించాయి. కోణం రెండు మూడు డిగ్రీల లోపే తగ్గించి మళ్లీ ఐదు వేస్తే లెక్క దారిలో పడుతుంది. నిర్ధారణ షాట్లు లేకుండా ముగిసే క్లాసును మేం సిఫార్సు చేయం. ప్లాంట్‌లో కూడా సాఫ్ట్‌వేర్ చూపించిన "ఆప్టిమమ్" దగ్గర కనీసం రెండు మూడు బ్యాచ్‌లు చేయకుండా ఎస్ఓపీ (పని చేసే విధానం రాసిన పత్రం) మార్చేస్తే, ఆ తర్వాత తలెత్తే డీవియేషన్ (పద్ధతి తప్పిన ఘటనల) రిపోర్టులకు అంతుండదు.

తక్కువ రన్‌ల ఆకర్షణ

రెండో రోజు ఐదు ఫ్యాక్టర్లు ఇచ్చి ఎనిమిది షాట్లే వేయమంటే అందరూ ఎల్8 అనే ఎనిమిది రన్‌ల రెడీమేడ్ పట్టిక వైపు చూస్తారు. ఆర్థోగనల్ అరేలు అనే ఇలాంటి పట్టికల వెనక మన తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన పేరొకటి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1940లలోనే వీటికి సిద్ధాంతం కట్టారు. 1950ల మధ్యలో జపాన్ ఇంజినీర్ జెనిచి తగుచి అదే సంస్థకు వచ్చి కొంతకాలం ఉన్నారు. తర్వాత ఆయన పద్ధతుల ద్వారా ఈ పట్టికలు ఫ్యాక్టరీలన్నిటికీ చేరాయి.

పట్టిక గొప్పదే, కానీ ఊరికే రాదు. ఎల్8లో నాలుగో ఫ్యాక్టర్‌గా బంతి రకాన్ని, కోణం-కప్పు ఇంటరాక్షన్ ఉండే కాలమ్‌లో పెట్టారనుకోండి. పై డేటాలో ఆ ఇంటరాక్షన్ 18. బంతి మార్చడం వల్ల నిజానికి ఏ తేడా లేకపోయినా పట్టికలో బంతి ప్రభావం 18 అని వస్తుంది. కంపెనీ వెళ్లి ఖరీదైన బంతులు కొంటుంది. ఐదు ఫ్యాక్టర్లకు 16 షాట్ల సగం డిజైన్ (మొత్తం 32 కలయికల్లో సగం) తీసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. అందులో జంట ఇంటరాక్షన్లు మెయిన్ ఎఫెక్ట్స్‌తో (ఒక్కో ఫ్యాక్టర్ సొంత ప్రభావం) గానీ, ఒకదానితో ఒకటి గానీ కలవవు. నాలుగు ఫ్యాక్టర్లకు 8 షాట్ల సగం డిజైన్ మధ్యరకం: మెయిన్ ఎఫెక్ట్స్ జంట ఇంటరాక్షన్లతో కలవవు కానీ, ఇంటరాక్షన్లు జంటలు జంటలుగా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కన్సల్టెంట్ "ఎనిమిది రన్‌లలో ఏడు ఫ్యాక్టర్లు తేల్చేస్తాం" అన్నప్పుడు మేనేజర్ అడగాల్సింది, ఏది దేనిలో కలిసిపోయిందో రాసివ్వండి అని. ఏవి ముఖ్యమో వడపోయడానికి అలాంటి డిజైన్ పనికొస్తుంది, తుది సెట్టింగ్ తేల్చడానికి పనికిరాదు.

కిట్ నేర్పలేనివి

షాట్ వేయడానికి ఖర్చులేదు, నిమిషంలో అయిపోతుంది. దీంతో క్లాసులో ఎవరూ పొదుపు చేయరు. దీనికి మందు ఉంది: ఒక్కో షాట్‌కు పదివేలు, బ్యాండు మారిస్తే ఇరవై వేలు అని కాగితం మీద ధర పెట్టి, టీమ్‌కు మూడు లక్షల బడ్జెట్ ఇవ్వాలి. వెంటనే చర్చ మారిపోతుంది. ఎనిమిది షాట్లు ముందు వేసి, మిగతా డబ్బు తర్వాతి దశకు దాచుకోవాలన్న ఆలోచన దానంతటదే వస్తుంది. బడ్జెట్ అంతా మొదటి ప్రయోగంలోనే తగలేయకూడదన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే మాట.

కొలిచేది ఒక్క దూరమే కావడం ఇంకో కొరత. నిజమైన పనిలో ఈల్డ్ పెరిగితే ఇంప్యూరిటీ పెరుగుతుంది, గట్టిదనం పెరిగితే డిసల్యూషన్ తగ్గుతుంది. దూరంతో పాటు చెదురును కూడా రెండో రెస్పాన్స్‌గా (కొలిచే ఫలితం) తీసుకోమంటే కొంతవరకు ఈ లోటు తీరుతుంది. అయితే చెదురును నమ్మకంగా లెక్కించాలంటే ఒక్కో కలయికకు రెండు షాట్లు బొత్తిగా చాలవు, ఐదారైనా ఉండాలి. భాగాలన్నీ కలిసి నూరు శాతం కావాల్సిన మిశ్రమాల ప్రయోగాలు, అంటే రంగులు, రబ్బరు కాంపౌండ్లు, ఎక్సిపియంట్ల (టాబ్లెట్‌లో మందు కాని పదార్థాలు) పాళ్లు, ఈ కిట్‌తో అసలు చెప్పలేం. వాటికి వేరే డిజైన్లున్నాయి, వేరే క్లాసు కావాలి.

సులువుగా మార్చలేని ఫ్యాక్టర్ల సంగతి మాత్రం కొంచెం తెలివిగా వాడితే చెప్పొచ్చు. బ్యాండు రకాన్ని ఫ్యాక్టర్‌గా పెట్టి, నాలుగు షాట్లకోసారి మాత్రమే మార్చనివ్వాలి. పదహారు షాట్లు వేసినా బ్యాండు పెట్టడం నాలుగుసార్లే జరిగింది. కాబట్టి బ్యాండు రకం గురించి మనకున్న నమ్మకం పదహారు మీద కాదు, నాలుగు మీదే ఆధారపడుతుంది. ఓవెన్ ఉష్ణోగ్రత రోజుకోసారి మార్చి, ట్రేలు మాత్రం పదిసార్లు మార్చే ప్లాంట్లలో జరిగేది ఇదే. స్ప్లిట్-ప్లాట్ అన్న పేరు గుర్తున్నా లేకున్నా, ఈ లెక్క గుర్తుంటే మేనేజర్‌కు సరిపోతుంది.

కాగితం హెలికాప్టర్ చాలదా?

బడ్జెట్ లేనివాళ్లు గణాంక శాస్త్రవేత్త జార్జ్ బాక్స్ ప్రచారంలోకి తెచ్చిన కాగితం హెలికాప్టర్ వాడతారు. ఏ4 కాగితం, కత్తెర, పేపర్ క్లిప్పులు, స్టాప్‌వాచ్ చాలు. రెక్క పొడవు, ఒంటి వెడల్పు, క్లిప్పు ఉందా లేదా, కాగితం మందం ఫ్యాక్టర్లు. మెట్ల మీద నుంచి మూడు మీటర్ల ఎత్తున వదిలి, నేల చేరడానికి పట్టిన సమయం కొలుస్తారు. ఒక విషయంలో ఇది కేటపుల్ట్ కంటే మెరుగు: ఒకే హెలికాప్టర్‌ను నాలుగుసార్లు వదలడానికీ, అదే కొలతలతో నాలుగు హెలికాప్టర్లు కత్తిరించడానికీ తేడా కంటికి కనబడుతుంది. కొలత మాత్రం బలహీనం. రెండు మూడు సెకన్ల ప్రయాణంలో బొటనవేలి ఆలస్యమే పెద్ద వాటా తినేస్తుంది. ఎత్తు పెంచాలి, లేదా ఇద్దరు టైమ్ తీసి సగటు వేయాలి. ఫ్యాను, ఏసీ ఆపకపోతే డేటా పనికిరాదు. ఒక్కపూట క్లాసుకు హెలికాప్టర్ చాలు. రెండు రోజులుంటే మాత్రం కేటపుల్ట్ తీసుకోండి. కోణం నిరంతరంగా మారే ఫ్యాక్టర్ కాబట్టి లక్ష్యాన్ని కొట్టే ఆఖరి పరీక్ష దీంతో బాగా కుదురుతుంది.

సాఫ్ట్‌వేర్ విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. మినీట్యాబ్, జంప్ (JMP), డిజైన్-ఎక్స్‌పర్ట్ మూడూ ఈ స్థాయి పనిని సునాయాసంగా చేస్తాయి. ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. పదహారు వరుసలకు ఎక్సెల్ కూడా చాలు. ఏదైనా సరే, చేత్తో ఒకసారి లెక్క కట్టాకే తెరవాలి.

కొనేముందు చూసుకోవాల్సినవి

చెక్క కిట్ అయితే చేయి ఇరుసు దగ్గర పక్కకు ఊగుతోందేమో చూడండి. పక్కకు ఊగితే బంతి వంకరగా పోతుంది, దూరం కొలవడంలో ఇంకో చెదురు చేరుతుంది. స్టాప్ పిన్‌కు చేయి ప్రతిసారీ గట్టిగా తగులుతుంది కాబట్టి, పలుచని ప్లైవుడ్ చేయి ఆ రంధ్రం దగ్గరే ముందు పగులుతుంది. ప్లాస్టిక్ కిట్లలో పిన్ రంధ్రాలు అరిగి వదులవుతాయి, కోణం స్కేలు స్టిక్కర్ చెమట చేతులకు ఊడిపోతుంది. స్కేలు చెక్కి ఉన్నది తీసుకోండి. స్టీలు పిన్నులు, బిగుతుగా దిగే రంధ్రాలు, పీట అడుగున రబ్బరు ప్యాడ్లు, రెండు క్లాంపులు ఉండాలి. అదనపు బ్యాండులు ఒకే ప్యాకెట్‌లోవి కనీసం పది తీసుకుని, గాలి తగలని డబ్బాలో, ఎండ పడని చోట పెట్టాలి. వేసవి దాటేసరికి బయట ఉంచినవి పెళుసెక్కి ఉంటాయి.

మంచి వడ్రంగి ఉంటే స్థానికంగా చేయించుకోవచ్చు. 18 ఎంఎం ప్లైవుడ్‌తో 60 సెంటీమీటర్ల పీట, 40 సెంటీమీటర్ల చేయి, ఐదేసి రంధ్రాలు మూడు సెంటీమీటర్లకొకటి. రంధ్రాలు చేత్తో కాకుండా డ్రిల్ ప్రెస్ మీద వేయించాలి, ఇరుసుకు బేరింగ్ పెట్టించాలి. ఈ రెండూ కుదరకపోతే రెడీమేడ్‌కే వెళ్లడం మంచిది.

టీమ్‌కు నలుగురు సరిపోతారు: లాగేవారు, కోణం చూసేవారు, పడిన చోటు చెప్పేవారు, రాసేవారు. లాగే మనిషిని మధ్యలో మార్చాల్సి వస్తే సగం షాట్లకు ఒకరు, మిగతా సగానికి ఒకరు అని బ్లాకులుగా విడదీసి, రెండు బ్లాకుల్లోనూ ఎనిమిది కలయికలూ ఉండేలా చూడాలి. ఐదో మనిషి వస్తే ఖాళీగా నిలబడి ఫోన్ చూసుకుంటాడు. కాబట్టి పన్నెండు మంది క్లాసుకు మూడు కిట్లు, ఇరవై మందికి ఐదు. ముందు నిలబడేవాళ్లకు రక్షణ కళ్లద్దాలు ఇవ్వడం మరిచిపోవద్దు. బంతి తేలికైనదే కానీ, తెగిన బ్యాండు ముఖానికి తగిలితే చురుక్కుమంటుంది.